నాలా డిజైన్ ఎవరికి అప్పగించాలి?

నాలాల పనుల్లోనే నా తల నెరిసింది. హైదరాబాద్‌లో ఎల్‌బీ నగర్ వైపు కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇంటికి వచ్చి, కన్సల్టెంట్‌ను ఎలా ఎంచుకోవాలని అడుగుతుంటారు. వాళ్లతో చెప్పిన మాటలే ఇవి.

1. నీరు బయలుదేరిన చోటి నుంచి పని అప్పగించాలి.

కోదండరాం నగర్ కాలనీ మునిగినప్పుడల్లా అందరి చూపూ అక్కడి నాలా మీదే ఉంటుంది. ఆ నీరు మీర్‌పేట, జిల్లెలగూడ చెరువుల నుంచి దిగి, సరూర్‌నగర్ చెరువు నింపి, చైతన్యపురి మీదుగా మూసీ చేరాలి. 2007లో ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు మహానగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిశాయి, మీర్‌పేట అప్పట్లో బయటే ఉండిపోయింది. మా రోజుల్లో కన్సల్టెంట్‌కు ఇచ్చే పని కూడా హద్దు గీత దగ్గరే ఆగేది. ఒకచోట ఎగువన నాలా వెడల్పు చేయించాం, దిగువన ఇరుకు కల్వర్టును అలాగే వదిలేశాం. మరుసటి వానకు నీళ్లన్నీ దిగువ కాలనీ ఇళ్లలోకి వెళ్లాయి. అంతకుముందు ఆ ఇళ్లలోకి నీరు రాలేదు. ఆ బాధ ఇప్పటికీ నాలో ఉంది. గొలుసుకట్టు చెరువుల అలుగుల నుంచి మూసీ దాకా మొత్తం దారి కన్సల్టెంట్ పనిలో ఉండాలి.

2. డిజైన్‌లో మిగిల్చిన రూపాయి కాంక్రీటులో పోతుంది.

మొత్తం అంచనాలో కన్సల్టెంట్ ఫీజు చిన్న వాటా. అయినా అందరికంటే తక్కువ ధర వేసిన ఎల్-1 ఎవరని మాత్రమే చూసేవాళ్లం. తక్కువకు వచ్చినవారు లెవెల్స్ తీయడంలో, ట్రయల్ పిట్లు తవ్వడంలో కోత పెడతారు. పని మొదలయ్యాక తాగునీటి పైపో కరెంటు కేబులో అడ్డు వస్తుంది. బాక్సు డ్రెయిన్‌ను పైకి లేపుతారు, వాలు పోతుంది, రెండు వానలకే పూడిక నిండుతుంది. నాణ్యతకూ ధరకూ వేర్వేరు మార్కులు వేసే పద్ధతి కేంద్ర ఆర్థిక నియమాల్లో ఉంది, నాణ్యతకు 80 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ పద్ధతి కోసం మీ పైవాళ్లతో పట్టుబట్టండి. టెండరులో ఎవరి అర్హతలు చూపారో వారే ఫీల్డుకు రావాలని కూడా రాయించండి. ఇది చాలామంది మరిచిపోతారు.

3. ఎంత వానకు కడుతున్నారో ముందే తేల్చుకోవాలి.

కేంద్రం 2019లో తెచ్చిన వరదనీటి డ్రైనేజీ మాన్యువల్ మహానగరాల నడిబొడ్డుకు అయిదేళ్లకోసారి వచ్చే వానను, శివార్లకు రెండేళ్లకోసారి వచ్చే వానను లెక్కకు తీసుకోమంటుంది. 2020 అక్టోబరు 13న హయత్‌నగర్‌లో 20 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంత వాన ఏ నాలాలోనూ పట్టదు. పట్టని నీరు ఏ రోడ్డు మీదుగా, ఏ చెరువులోకి వెళ్లాలో చూపించని డిజైన్‌ను వెనక్కి పంపండి. ఖాళీ ప్లాట్లన్నీ ఇళ్లయ్యాక నేలలోకి ఇంకే నీరెంత తగ్గుతుందో కూడా అడగండి.

4. పాత నివేదికలు చదివినవారినే పిలవండి.

1908 మూసీ వరద తర్వాత వచ్చిన ఇంజనీర్ విశ్వేశ్వరయ్య నగరాన్ని కాపాడటానికి నగరం బయట ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. 2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నగర నాలాలపై నివేదిక ఇచ్చింది. చెప్పినవాటిలో చాలా పనులు జరగలేదు. ఎందుకు ఆగాయో తెలియని కన్సల్టెంట్ మళ్లీ అవే గీతలు గీసి ఇస్తాడు.

5. ఒక వానాకాలం దాటాకే చివరి బిల్లు చెల్లించాలి.

సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) చేతికి రాగానే కన్సల్టెంట్‌ను పంపేయడం మా తరం అలవాటు. ఫీజులో కొంత భాగం ఆపి ఉంచండి. జోరు వానలో అతను సరూర్‌నగర్ కట్ట మీద, చైతన్యపురి కల్వర్టు దగ్గర నిలబడి, తన లెక్కకూ పారుతున్న నీటికీ ఎంత తేడా ఉందో రాసివ్వాలి. ఆ షరతు లేని ఒప్పందం మీ బల్ల మీదికి వస్తే సంతకం పెట్టకండి.