సామాను తగ్గిస్తే సొమ్ము మిగులుతుందా?

2025 దసరాకు సింగరేణి బొగ్గు గనుల సంస్థ తన లాభాల్లో వాటాగా 819 కోట్ల రూపాయలు పంచింది. పర్మనెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు వచ్చాయి. దీపావళికి పీఎల్‌ఆర్ (పనితీరు ఆధారిత) బోనస్ మరో 1,03,000. అదే గనిలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడి వాటా 5,500. రెండు పండుగల మధ్య దాదాపు మూడు లక్షలు చేతికొచ్చినా సంక్రాంతి నాటికి చేబదులు వెతుక్కునే వాళ్లను భూపాలపల్లిలో చూస్తాం. 5,500 వచ్చిన మనిషిదీ అదే పరిస్థితి. ఆదాయం పెరిగితే పొదుపు దానంతటదే పెరగదని ఇక్కడే అర్థమవుతుంది.

మినిమలిజం అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. అవసరమైనవే ఉంచుకుని మిగతావి కొనకుండా, పోగేయకుండా బతకడం అని దానికి అర్థం. లేక తగ్గించుకోవడం వేరు, ఉండి తగ్గించుకోవడం వేరు. తిండికే కటకటగా ఉన్న ఇంటికి ఈ సలహా చెప్పడం తప్పు. నెల నెలా జీతం పడుతూ, ఇరవయ్యో తారీఖు దాటేసరికి ఖాతా ఖాళీ అయ్యే నాలాంటి, మీలాంటి వాళ్ల కోసమే ఈ లెక్కలు.

ముందుగా ఒక మాట. అల్మారాలో చొక్కాలు తగ్గించినంత మాత్రాన డబ్బు మిగలదు. కొనకుండా ఆపిన ప్రతి ఖర్చునూ అదే రోజు వేరే చోటికి పంపితేనే అది పొదుపు అవుతుంది. పంపకపోతే ఇంకో ఖర్చులో కలిసిపోతుంది.

జీరో టికెట్ డబ్బు ఎక్కడికి పోయింది?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కండక్టర్ ఇచ్చేది జీరో టికెట్. తొర్రూరు వైపు నుంచి మహబూబాబాద్‌కు రోజూ ఉద్యోగానికి వచ్చే ఒకామెకు పోను రాను 80 రూపాయలు మిగులుతున్నాయని అనుకుందాం. నెలకు 25 రోజులు, అంటే 2,000. ఈ రెండు వేలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగితే చాలామంది చెప్పలేరు. ఫోన్‌పేలో చిన్న చిన్న చెల్లింపులుగా పోయి ఉంటాయి. అదే 2,000 పోస్టాఫీసు ఆర్‌డీలో 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లు వేస్తే, కట్టిన 1,20,000కి సుమారు 1,42,700 చేతికొస్తుంది. ఆదా ఎలాగూ జరిగింది, దాన్ని దాచే పని మాత్రమే మిగిలింది.

కరెంటు లెక్కా ఇలాంటిదే. గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. అది వెయ్యి రూపాయలు దాటుతుంది. వాయిదాల మీద ఏసీ కొనే ముందు దాని ధరతో పాటు ఈ బిల్లునూ కలపండి. వస్తువు ధర ఒకసారి కడతాం. అది తెచ్చే ఖర్చు నెల నెలా కడతాం.

మొదటి కేసు: భూపాలపల్లి, ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తం

సింగరేణి లాభాల వాటా మస్టర్లను (హాజరును) బట్టి మారుతుంది, సంస్థ లాభాన్ని బట్టి ఏటా మారుతుంది. దాన్ని జీతంగా లెక్కేసి ముందే బండి బుక్ చేయడం మొదటి తప్పు. పన్ను కోత పోను 1,80,000 చేతికొచ్చిందనుకుందాం. ఇంట్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష అప్పు ఉంది. రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది గానీ ఏడాదికి అది 24 శాతం. ఆ లక్ష తీర్చేస్తే నెలకు 2,000 వడ్డీ ఆగిపోతుంది. ఏ బ్యాంకు డిపాజిట్ కూడా 24 శాతం ఇవ్వదు. మిగిలిన 80,000లో 45,000 ఎఫ్‌డీ చేయండి. 35,000తో పండుగ చేసుకోండి, బట్టలు కొనండి, దావత్ పెట్టుకోండి. వరుస మాత్రం ఇదే ఉండాలి: అప్పు, పొదుపు, ఆ తర్వాత పండుగ. డబ్బు పడ్డాక మొదటి పదిహేను రోజులు కొత్త వాయిదా ఏదీ మొదలుపెట్టకండి. పదిహేను రోజుల తర్వాత కూడా ఆ వస్తువు కావాలనిపిస్తే రొక్కం ఇచ్చి కొనండి.

రెండో కేసు: మహబూబాబాద్, ఔట్‌సోర్సింగ్ జీతం

19,500 జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను పోను సుమారు 17,000 చేతికొస్తుంది. అదీ ప్రతి నెలా టైముకు వస్తుందన్న నమ్మకం లేదు. రెండు మూడు నెలలు ఆగడం ఈ ఉద్యోగాల్లో కొత్త కాదు. 24,000 ఫోన్‌ను నెలకు 2,000 చొప్పున నో కాస్ట్ ఈఎంఐలో కొన్నారనుకోండి. జీతం ఆగిన నెల వాయిదా బౌన్స్ అవుతుంది. బ్యాంకు ఛార్జీ ఒకటి, ఫైనాన్స్ కంపెనీ పెనాల్టీ ఒకటి, సిబిల్ స్కోరు దెబ్బ ఇంకొకటి. అది తప్పించుకోవడానికి గిరిగిరి వాళ్ల దగ్గరికి వెళితే చేతికి 8,500 ఇచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్క కడితే ఏడాదికి నూటికి నూరు దాటే వడ్డీ అది.

ఇలాంటి ఉద్యోగంలో మినిమలిజం లక్ష్యం ఒక్కటే: మూడు నెలలు జీతం ఆగినా ఎవరి ముందూ చేయి చాచకుండా ఉండటం. ఇంటద్దె, బియ్యం, పాలు, గ్యాస్, ఫీజులు కలిపి నెలకు 12,000 అయితే మీ మొదటి గమ్యం 36,000. నెలకు 1,500 దాచినా రెండేళ్లలో చేరతారు. అంతవరకు కొత్త ఈఎంఐ వద్దు. ఈఎస్ఐ కార్డు మీ దగ్గర ఉంటే కుటుంబ సభ్యుల పేర్లు అందులో ఎక్కాయో లేదో ఈ వారమే చూసుకోండి. జీతంలో కోత పడుతూనే ఉన్నా ఆస్పత్రి ఖర్చు జేబులోంచి పెట్టుకుంటున్న వాళ్లున్నారు.

మూడో కేసు: జనగామ, కారు

జనగామ హైదరాబాద్-వరంగల్ హైవే మీద ఉంది. సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గం మీదా ఉంది. అటు ఇటు వెళ్లడానికి రైలు, బస్సు రెండూ దొరుకుతాయి. అయినా ఉద్యోగం పర్మనెంట్ కాగానే, తోటి ఉద్యోగి కొన్నాడని కారు కొంటాం. ఏడు లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు అంటే నెలకు సుమారు 11,440 వాయిదా. పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలిపితే 16,000. నెలకు రెండుసార్లు కుటుంబంతో వెళ్లేందుకు కిరాయి కారు మాట్లాడుకుంటే ఐదారు వేలతో పోతుంది. తేడా నెలకు 10,000. ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నా, బస్సు పోని ఊరి బడికి రోజూ వెళ్లాల్సి వచ్చినా కారు అవసరమే, కొనండి. వీధిలో నిలబెట్టడానికైతే వద్దు.

ఎక్కడ దెబ్బతింటాం?

కోయకూడనిది కోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. టర్మ్ ఇన్సూరెన్స్, ఆరోగ్య బీమా, బండి బ్రేకులు, పిల్లల తిండి, పని నేర్పే కోర్సు ఫీజు, వీటిని ముట్టుకోవద్దు. ఇక్కడ మిగిల్చిన వెయ్యి తర్వాత లక్షగా తిరిగొస్తుంది.

మిగిలిన డబ్బును యూపీఐ ఉన్న ఖాతాలోనే ఉంచడం రెండో తప్పు. ఫోన్‌తో లింకు లేని రెండో ఖాతా తెరవండి. జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా డబ్బు అక్కడికి వెళ్లేలా పెట్టండి. ఒక్క బ్యాంకులో వడ్డీతో కలిపి ఐదు లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందని గుర్తుంచుకోండి.

దాచిన డబ్బును తెలిసినవాళ్ల చీటీలో వేయడం మూడోది. చిట్ ఫండ్స్ చట్టం 1982 ప్రకారం రిజిస్టర్ కాని చీటీ మునిగితే మీ చేతిలో గట్టి కాగితం ఉండదు. ఎక్కువ వడ్డీ ఇస్తామన్న మాట కంటే రిజిస్ట్రేషన్ కాగితం ముఖ్యం.

క్రెడిట్ కార్డు మీద మినిమమ్ డ్యూ మాత్రమే కట్టడం నాలుగోది. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం. నలభై వేల బాకీ మీద నెలకు 1,400 వడ్డీకే పోతుంది, దానిపై జీఎస్టీ అదనం.

ఐదోది ఫంక్షన్లు. ఓణీలు, ధోతులు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు. వెళ్లకపోతే మాట పడాలి, ఒట్టి చేతులతో వెళ్లలేం. చదివింపులకు ఏడాదికి ఇంత అని భార్యాభర్తలు కలిసి ముందే ఒక అంకె అనుకోండి. దగ్గరివాళ్లకు ఇంత, పరిచయస్తులకు ఇంత అని రాసుకోండి. మన ఇంట్లో ఫంక్షన్ చేసేటప్పుడు చదివింపులతో ఖర్చు వెనక్కి వస్తుందని లెక్క వేసుకుని అప్పు తేకండి. ఆ డబ్బు మళ్లీ మనం తిరిగి పెట్టాల్సిందే.

ఈ నిర్ణయాలు ఒక్కరే తీసుకుని ఇంట్లోవాళ్ల మీద రుద్దితే మూడో నెలకే బెడిసికొడతాయి. జీతం ఎంత, అప్పు ఎంత, పొదుపు ఎంత అన్నది ఇంట్లో అందరి ముందూ ఒక కాగితం మీద పెట్టండి. ముందు మీ ఖర్చు కోసుకోండి, తర్వాతే వాళ్లను అడగండి.

ఈ నెల జీతం పడగానే ఒక్క పని చేయండి. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, మళ్లీ అవకాశం వస్తే పెట్టని ఖర్చుల పక్కన టిక్ పెట్టండి. టిక్ పెట్టిన ఖర్చుల మొత్తాన్ని మూడుతో భాగించండి. వచ్చిన అంకెతో అదే రోజు ఆర్‌డీ తెరవండి.