పూత క్రింది తుప్పు



ఈ మాసము మన ధ్యానమునకు యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయము, 10 మొదలు 16 వరకు గల వచనములను తీసికొందము. ముందుగా బైబిలు తెరచి వాటిని చదివి, ఆ పిమ్మట దీనిని చదువుడి. ప్రవక్తలమని చెప్పుకొనిన కొందరు సమాధానము లేని కాలమందు సమాధానమున్నదని ప్రజలకు చెప్పుచుండిరి. ఎవడో బలములేని గోడ కట్టగా వీరు వచ్చి దానికి పూత పూసినట్లున్నదని దేవుడు వారిని గద్దించెను. గోడ కట్టినవానికంటె పూత పూసినవారి మీదనే ఆయన కోపము ఎక్కువగా కనబడుచున్నది. వాన కురియును, వడగండ్లు పడును, గాలి కొట్టును. గోడ కూలి దాని పునాది బయటపడును. అప్పుడు చూచినవారు, మీరు పూసిన పూత ఏమాయెనని అడుగుదురట.

ఈ భాగమును నేను పలుమారులు బోధించితిని. సెమినరీలో దీనిమీద పరీక్ష వ్రాసి మంచి మార్కులు కూడ తెచ్చుకొంటిని. అయితే దీని అర్థము నాకు నిజముగా తెలిసినది 2023వ సంవత్సరములో, మా నాన్నగారి పాత అంబాసిడరు కారు క్రింద నేను వెల్లకిల పండుకొనియున్నప్పుడు. ఆ సంగతి వ్రాయుటకు సిగ్గుగానే యున్నది. అయినను ప్రసంగపీఠము మీద నిలిచి మీ పాపములను గూర్చి మాటలాడువాడు తన దానిని దాచుకొనుట న్యాయము కాదు.

ఆ కారు 1965వ సంవత్సరపు మార్క్ టూ. ఇంగ్లాండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును మాదిరిగా తీసికొని, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు కంపెనీవారు వీటిని చేసిరి. 2014 మే నెలలో ఆ తయారీ నిలిచిపోయెను. మంత్రులు, కలెక్టర్లు, పెండ్లికుమారులు, పురిటి నొప్పులు పడు స్త్రీలు, అందరును ఎక్కిన బండి అది. మా నాన్నగారు ఒక డాక్టరుగారి వద్ద డ్రైవరుగా పనిచేసిరి. ఆయన విశ్రాంతి తీసికొని వెళ్లునప్పుడు, 1986లో, ఆ కారును తక్కువ వెలకు నాన్నగారికి ఇచ్చిరి. నాటి నుండి అది మా ఊరి కారు. పాము కరచినను, కాన్పు కష్టమైనను, అర్ధరాత్రివేళ మా తలుపే తట్టెడివారు. చాలమంది వద్ద ఆయన కిరాయి తీసికొనలేదు. అమ్మ దానిని గూర్చి సణుగుట నాకు జ్ఞాపకము. అయినను ఆ బండి సంపాదించిన డబ్బుతోనే నేను బడిలోను, కాలేజీలోను, చివరకు సెమినరీలోను చదివితిని.

మా ఊరు సముద్రమునకు ఆరు మైళ్ల దూరమున నున్నది. ఉప్పుగాలి ఇనుమును బ్రదుకనియ్యదని అక్కడి రైతులందరికిని తెలియును. తుప్పు పట్టుటకు నీరును గాలియు రెండును కావలెను. ఉప్పు చేరినయెడల త్వరగా పట్టును. అల్యూమినియము మీద పట్టు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహమును కాపాడును. తుప్పు అట్లు కాదు. పొరలుగా రాలిపోయి లోపలి ఇనుమును మరల గాలికి అప్పగించును. అదియుగాక, ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. మీ స్లాబు ఇండ్లలో లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులూడగొట్టుట మీరు చూచియే యున్నారు. కారు రంగు మీద చిన్న పొక్కు కనబడినయెడల, దాని వెనుక రేకు అప్పటికే చిల్లిపడినదని నాన్నగారు చెప్పెడివారు.

ఇక్కడ ఒక మాట. మత్తయి 6:19లో తుప్పు అని మనము చదువు చోట గ్రీకు భాషలో నున్న మాటకు తినివేయుట అని అర్థము. యాకోబు 5:3లో ధనవంతుల బంగారమునకు పట్టిన తుప్పును గూర్చి వేరొక మాట యున్నది. ఆ మాటనే యాకోబు 3:8లో నాలుకయందలి విషమునకు వాడెను. తుప్పునకును నాలుక విషమునకును ఒకటే మాట! దీనిని నేను ఇరువది సంవత్సరముల క్రిందటనే నోటుపుస్తకములో వ్రాసికొని, క్రింద గీత కూడ గీసితిని.

అంబాసిడరు కారుకు లారీకి వలె వేరుగా ఛాసిస్ లేదు. అడుగు రేకు, ప్రక్క రేకులు, పైకప్పు, అన్నియు ఒకటిగా అతికి ఒకదాని బరువు ఒకటి మోయును. తలుపుల క్రింద, ముందు చక్రము మొదలు వెనుక చక్రము వరకు పొడవైన పెట్టెవంటి రేకు ఒకటి యున్నది. దానిని గడప అందము. ఇంటి గడప పుచ్చినను ఇల్లు నిలుచును గాని, కారు గడప పుచ్చినయెడల కారు నడుము వంగును. తలుపుల అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రములుండును. అవి బురదతో పూడినప్పుడు వాననీరు లోపలనే నిలిచి, రేకు లోపలినుండి బయటికి తినబడును. బయట మెరయుచునే యుండును.

2006వ సంవత్సరము మే నెలలో నా వివాహము. ఎడమవైపు గడపలో చేయి దూరునంత రంధ్రము పడియుండెను. నన్ను చదివించిన సంవత్సరములలో నాన్నగారు ఆ పని వాయిదా వేయుచు వచ్చిరి. పెండ్లికి ముందు ఆయన నాకు 6,000 రూపాయలిచ్చి, "పుచ్చిందంతా కోయించి కొత్త రేకు వేయించు, తర్వాతే రంగు" అని చెప్పి పట్టణమునకు పంపిరి. టింకరింగు మేస్త్రి కూడ కోయవలెననియే చెప్పెను. నేను ఒప్పుకొనలేదు. రంధ్రములో కాగితములు కుక్కి, జాలి పెట్టి, లప్పము రాచి, ఉప్పుకాగితముతో నునుపుచేసి రంగు కొట్టుమంటిని. దానికి 1,800 రూపాయలైనవి. మిగిలిన 4,200 రూపాయలు నా సూటుకును ఫోటోలకును ఖర్చుపెట్టితిని. ఇంటికి వచ్చి, రేకు వేయించితినని చెప్పితిని. పెండ్లికి కారు అద్దమువలె మెరసినది. అందరును మెచ్చుకొనిరి.

ఆ సంవత్సరమే నాన్నగారు కిరాయి బేరములు మానివేసిరి. ఆటోలు వచ్చినవి, కారును ఎవరు పిలుతురు అని ఆయన చెప్పగా నేను నమ్మితిని. తరువాత తొమ్మిది సంవత్సరములు ఆయన రైసుమిల్లులో రాత్రి కాపలా చేసిరి. మా నాన్నగారు ఊరక కూర్చుండలేరు అని నేను పదిమందితో గొప్పగా చెప్పుకొంటిని. కారు చింతచెట్టు క్రింద నిలిచిపోయెను. నేను వేరొక ఊరి సంఘములో సేవకుడనై, క్రిస్మసుకు మాత్రము ఇంటికి పోవుచుంటిని. అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత నాన్నగారు ఫోనులో, "సోమవారాలు రాకూడదా, బండి బాగుచేద్దాం" అని రెండు మూడు పర్యాయములు అడిగిరి. దేవుని పని యున్నది నాన్నా అంటిని.

తరువాత ఒక శనివారము రాత్రి మార్కు 7వ అధ్యాయముపై ప్రసంగము సిద్ధపరచుచుంటిని. తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను, అనగా దేవునికి అర్పితము అని చెప్పి వారికి ఏమియు చేయక తప్పించుకొను పరిసయ్యులను ప్రభువు అక్కడ గద్దించెను. ఆ మాట వ్రాసి కలము క్రింద పెట్టితిని. మరునాడు వేరొక భాగము మీద ప్రసంగించి, సోమవారము ఉదయము మొదటి బస్సెక్కితిని.

నాన్నగారికి అప్పటికి డెబ్బది నాలుగు సంవత్సరములు. సంఘస్థుల యెదుట ఆయన నన్ను అయ్యగారు అని పిలుచును. కారు క్రింద దూరినప్పుడు మాత్రము ఒరే అబ్బాయీ. ఆయన మొదట చేసిన పని రంగు కాదు, ఇంజను కాదు. ఒక సైకిలు పుల్ల తీసికొని తలుపుల అడుగు రంధ్రములను ఒక్కొక్కటిగా పొడిచి బురద తీసిరి. నీరు పోవు దారి లేనప్పుడు ఎంత రేకు వేసినను దండుగ అనిరి. బిగిసిన బోల్టులకు కిరసనాయిలు పోసి వారము దినములు వదలివేసితిమి. ఇంజనులో ప్లగ్గులు విప్పి నూనె పోసి నానబెట్టితిమి. అది తిరుగుటకు మూడు సోమవారములు పట్టినది. హ్యాండిలు త్రిప్పునప్పుడు బొటనవ్రేలిని పిడికిలి చుట్టు పోనియ్యక, తక్కిన వ్రేళ్లతోబాటు ఒక ప్రక్కనే ఉంచవలెననియు, లేనియెడల ఇంజను వెనుకకు తన్నినప్పుడు వ్రేలు విరుగుననియు నాకు నేర్పిరి. నలువది నాలుగేండ్ల వయస్సులో నేను మా నాన్నగారి వద్ద నేర్చుకొనిన మొదటి పని అది. మునుపు ఆయన నేర్పెదననగా, నాకు చదువున్నదని నేను తప్పించుకొంటిని.

ఒక స్నేహితుడు వచ్చి, ఏబది సంవత్సరములు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా నమోదు చేయు నియమములు 2021లో వచ్చినవనియు, అట్లు చేయించినయెడల మంచి గౌరవమనియు చెప్పెను. అట్టి బండిని దినదినము రోడ్డుమీద నడుపరాదని విని నాన్నగారు, "నడపని బండి నాకెందుకు బాబూ" అని మరల పనిలో పడిరి.

తరువాత గడపల పని వచ్చినది. నాన్నగారు చిన్న సుత్తితో రేకు పొడవున తట్టుచు పోయిరి. మంచి రేకు మ్రోగినది. ఎడమ తలుపు క్రిందికి వచ్చునప్పటికి శబ్దము చచ్చిపోయెను. ఉలి పెట్టి కొట్టగా లప్పము పెద్ద పెంకుగా ఊడి, జాలి చిక్కి, దాని వెనుక కుక్కిన వార్తాపత్రిక బయటపడెను. నాన్నగారు దానిని దులిపి, కండ్లద్దములు సవరించుకొని తేది చదివిరి. నా పెండ్లికి తొమ్మిది దినముల ముందటి తేది. ఆయన ఏమియు అనలేదు. "ఆ వైరుబ్రష్షు ఇటియ్యి" అని మాత్రము అనిరి.

నేను ఇచ్చితిని. కొంతసేపటికి, "నాన్నా, ఆ రోజు రేకు వేయించలేదు. అబద్ధం చెప్పాను. డబ్బు సూటుకి వాడుకున్నాను" అంటిని.

"తెలుసు."

"ఎప్పటినించి?"

"నీ పెళ్ళైన మూడో రోజునించి. బండి కడుగుతూ కొట్టి చూశాను. రేకైతే మోగుద్ది, లప్పం మోగదు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెబుతావని చూశాను. ఇయ్యాల చెబుతాడు, పండక్కి చెబుతాడు అనుకున్నాను. ఆ తర్వాత నువ్వు అయ్యగారివైపోయావు. అయ్యగార్ని ఎట్టా అడుగుతాం?"

ఆటోలు వచ్చినందున బేరములు పోయినవన్న మాట అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చి అడిగితిని. ఆయన నా వైపు చూడక, "నడుం పుచ్చిన బండిలో నిండు చూలాలిని ఎక్కించమంటావా?" అనిరి.

సహోదరులారా, ఒక అబద్ధము ఒక సూటుతో పోవునని నేననుకొంటిని. అది ఒక మనుష్యుని జీవనోపాధిని తినివేసినది. తొమ్మిది సంవత్సరములు ఆయనను రాత్రివేళ మిల్లు గుమ్మమున కూర్చుండబెట్టినది. లోపల కాగితము కుక్కి బయట రంగు పూసినవాడు ఆదివారము వెంబడి ఆదివారము మీకు సత్యమును బోధించుచుండెను.

మీ ఇండ్లలో కూడ నేను లప్పము పెట్టితిని. పొలము గట్టు కొరకు పోట్లాడు అన్నదమ్ములను ప్రభురాత్రి భోజనమునకు ముందు నిలువబెట్టి, చేతులు కలుపుడి, అంతయు మరచిపోవుడి అంటిని. గట్టు ఎవరిదో, ఎవరు ఎంత జరిపిరో అడుగలేదు. అడిగినయెడల ఒకరు నొచ్చుకొందురు, ఆ ఆదివారపు బల్ల పాడగునని భయపడితిని. అది సమాధానము లేని చోట సమాధానమనుటయే. సంఖ్యాకాండము 5:7 చూడుడి. తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొనవలెను. మూలధనము తిరిగి యియ్యవలెను. దానికి ఐదవ వంతు కలుపవలెను. ఒప్పుకొనుటతోనే సరిపోవునని అక్కడ లేదు. అట్టి ఇండ్లకు నేను మరల రావలసియున్నది. వచ్చినప్పుడు నన్ను కూర్చుండనియ్యుడి.

కోయు పని రెండు సోమవారములు సాగినది. బ్యాటరీ తీగెలు తీసి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరముగా పెట్టించిన తరువాతనే నాన్నగారు వెల్డింగు కుర్రవానిని దగ్గరకు రానిచ్చిరి. రెండు గడపలు ఒకేసారి కోసినయెడల బండి వంగి తలుపులు మరి పట్టవు గనుక ఒక ప్రక్కనే, తలుపులు మూసి, అడుగున దిమ్మలు పెట్టి కోయించిరి. నేను చాలునన్న చోట ఆయన ఆగలేదు. తెల్లని ఇనుము కనబడు వరకు కోయించిరి. రంధ్రము మొదటిదానికి మూడింతలైనది. నెహెమ్యా కాలమున గోడ కట్టువారు చెత్త విస్తారముగా నున్నదని అలసిపోయిరని 4:10లో చదువుచున్నాము. అక్కడనే 3:12లో షల్లూము అను అధికారి తన కుమార్తెలతో కూడ గోడ బాగుచేసెనని ఒక్క వచనమున్నది. వారేమి మాటలాడుకొనిరో వ్రాయబడలేదు. చెత్త తీయుచున్నప్పుడు తండ్రియు బిడ్డలును చాల సంగతులు మాటలాడుకొనియుందురని నేననుకొనుచున్నాను.

క్రొత్త రేకు అతికి, లోపలను బయటను రెడ్ ఆక్సైడు పూసిన సాయంకాలము నేను నాన్నగారి చేతిలో 5,040 రూపాయలు పెట్టితిని. ఆయన రెండుమార్లు లెక్కపెట్టి, "నాలుగువేల రెండొందలు సరే. ఈ ఎనిమిదొందల నలభై ఏంటి?" అనిరి. మోషే ధర్మశాస్త్రము చెప్పితిని. "అయితే దాంతో పెట్రోలు పోయించు" అని ఆ మట్టుకు తిరిగి యిచ్చిరి. పోయిన పదునేడు సంవత్సరముల కిరాయిలకు నా వద్ద డబ్బు లేదు, ఆయన అడుగనులేదు.

ఆయన తన పాత లెక్కల పుస్తకము తెచ్చిరి. అందులో 2001 మొదలు ప్రతి పుటలోను అబ్బాయి ఫీజు అని యున్నది. అడుగు రేకు అని వ్రాసి కొట్టివేసిన చోట్లు ఐదు లెక్కపెట్టితిని. చివరి పుటలో ఆయన తేది వేసి, అబ్బాయి వద్ద రాబడి, గడప రేకు బాబతు, రూ. 4,200 అని వ్రాసి, నన్ను సంతకము పెట్టుమనిరి. పెట్టితిని. కుడివైపు గడప ఇంకను మిగిలియున్నది. వచ్చు సోమవారము దానిని తట్టి చూడవలెనని చెప్పి ఆయన సుత్తిని సీటు క్రింద పెట్టిరి.