తేట నీరంతా మంచి నీరేనా?

అడుగు కనిపించేంత తేటగా ఉంటే మంచినీళ్ళనీ, రంగు తిరిగితే చెడిపోయినవనీ మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి ఉత్తర ఐరోపాలోని అడవి సరస్సులను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఫిన్లండ్, స్వీడన్ దేశాల్లో పైన్, స్ప్రూస్ అడవుల మధ్య సరస్సులు లెక్కకు మించి ఉన్నాయి. 500 చదరపు మీటర్లూ అంతకు పైబడినవీ ఒక్క ఫిన్లండ్‌లోనే సుమారు 1,88,000! వీటిలో చాలావాటి నీరు పాలు పోయని టీ రంగులో ఉంటుంది. అది మురికి కాదు. చలిప్రదేశపు చిత్తడినేలల్లో ఆకూ నాచూ పూర్తిగా కుళ్ళక పేరుకుపోతాయి. వాటినుండి దిగే హ్యూమిక్ పదార్థాలే ఆ రంగుకు కారణం.

ఈ రంగువల్ల వెలుతురు లోతుకు పోదు. అందుచేత నీటిమొక్కలు పైపొరకే పరిమితమవుతాయి. అడవినుండి కొట్టుకొచ్చిన కర్బనాన్ని తినే బాక్టీరియా ఆహారపు గొలుసులో ముఖ్యపాత్ర వహిస్తుంది. ఇక చలికాలం సంగతి. నీటికి 4 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సాంద్రత అత్యధికం. కనుక పైన మంచు గడ్డకట్టినా అడుగున నీరు నీరుగానే ఉండి చేపలు బ్రతుకుతాయి. అయితే గాలి తగలదు గనుక వసంతం వచ్చేదాకా ఆక్సిజన్ తరుగుతూనే ఉంటుంది.

ఇక్కడి నేల చాలాచోట్ల గ్రానైటు. సున్నం తక్కువ. కాబట్టి ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు నీటిలో స్వల్పం. పొరుగుదేశాల పొగలోని గంధకం వానతో దిగి ఈ నీటిని ఆమ్లంగా మారుస్తోందని 1967లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటె ఓడెన్ హెచ్చరించాడు. పి.హెచ్. పడిపోయేకొద్దీ నేలలోని అల్యూమినియం కరిగివచ్చి చేపల మొప్పలను దెబ్బతీసింది. ఎన్నో సరస్సుల్లో చేపలు నశించాయి. విచిత్రమేమంటే, అలా చచ్చిపోతున్న సరస్సులు మరింత తేటగా కనిపించాయి! ఆమ్లం పెరిగితే హ్యూమిక్ పదార్థం సరిగా కరగదు మరి.

1979 జెనీవా ఒప్పందం, 1985 హెల్సింకి ఒప్పందం దరిమిలా గంధకం తగ్గింది, గోధుమరంగు మళ్ళీ చిక్కబడింది. ఐరోపా, ఉత్తర అమెరికాలలో ఇలా జరగడానికి ముఖ్యకారణం గంధకం తగ్గడమేనని 2007లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. వానలు, వేడి, అడవుల్లో తవ్విన కాలువలు కూడా రంగును పెంచుతాయి. కాబట్టి ముదురురంగు ఒకచోట కోలుకున్న గుర్తు కావచ్చు, మరోచోట చెరుపుకు గుర్తు కావచ్చు.

మిత్రులారా! కంటిచూపుతో నీటికి తీర్పు చెప్పలేమన్నమాట. బ్యూరెట్ పట్టుకుని మనం విసుక్కుంటూ చేసే క్షారతా పరీక్ష ఉందే, ఆ సరస్సులకు ప్రాణగండం ఉందో లేదో చెప్పగలిగింది అదే. రికార్డు మార్కులకోసం మాత్రమే చేసి వదిలేయదగిన పరీక్ష కాదది.