ఊరి చెరువులో చేపపిల్లలు: ఎన్ని వదలాలి? ఎప్పుడు వదలాలి?

వానలు పడి ఊరి చెరువు నిండగానే చేపపిల్లల బండి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం పల్లెల్లో మామూలే. తలా ఇంత వేసుకుని, చాలకపోతే అప్పు తెచ్చి పిల్లలు కొంటారు. తీరా వేసవిలో వల లాగితే ఒక్కోసారి పెట్టుబడి కూడా తిరిగి రాదు. ‘పిల్లలు మంచివి కావు’ అని సరిపెట్టుకుంటారు. కానీ చాలా చెరువుల్లో నష్టానికి కారణం, వదిలేముందు లెక్క వేసుకోకపోవడమే.

నీరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

చెరువులో ఎన్ని నెలలు నీరుంటుందో గత మూడు నాలుగేళ్ల అనుభవాన్నిబట్టి ముందే అంచనా వేయాలి. తూము తీశాక ఎంత నీరు మిగులుతుందో ఆయకట్టు రైతులతో మాట్లాడుకోవాలి. ఆరేడు నెలలు నీరుంటే మంచి సైజు పిల్లలు అరకిలో వరకు పెరిగే వీలుంది. నాలుగు నెలలు కూడా నిలవని చెరువులో చిన్న పిల్లలు వదలడం డబ్బు నీళ్లపాలు చేసుకోవడమే. అలాంటి ఏడు మానుకోవడం మేలు.

చౌక పిల్లలతో చేటు

రెండు మూడు సెంటీమీటర్లుండే ఫ్రై పిల్లలు చౌకగా దొరుకుతాయి. అయితే కొర్రమేను, వాలుగ, జెల్ల వంటి చేపలకు, కొంగలకు అవి ఒక్క గుటక. అందుకే 8 నుంచి 10 సెంటీమీటర్ల ఫింగర్లింగ్స్, అంటే వేలెడంత పిల్లలే వదలాలి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో చేపల చెరువుల రైతులు 100 గ్రాములు దాటిన పిల్లలను వదిలేది కూడా ఇందుకే.

లెక్క ఇలా వేయాలి

పదెకరాల చెరువులో ఎకరానికి 200 కిలోల దిగుబడి ఆశించారనుకుందాం. మొత్తం 2,000 కిలోలు. చేప అరకిలో తూగాలంటే 4,000 చేపలు వలలో పడాలి. వదిలినవాటిలో సగం బతుకుతాయనుకుంటే 8,000 పిల్లలు కావాలి. అంటే ఎకరానికి 800. అదే ఫ్రై వేసి, పదింటికి ఒకటే బతికితే 40,000 కావాలి. ఇప్పుడు రెండింటి ఖరీదు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఎకరానికి 2,000 పిల్లలనేది ఎరువు, దాణా వేసే సొంత చెరువుల లెక్క. దాణా వేయని ఊరి చెరువులో అన్ని వదిలితే మేత చాలక చేప గిడసబారుతుంది. చిన్న చేపకు ధర పలకదు.

ఏ రకం ఎంత?

బొచ్చె పైనీటిలో, రోహు నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయి. కాబట్టి పది పిల్లల్లో 4 బొచ్చె, 3 రోహు, 3 మృగాల ఉంటే మేతకు పోటీ తగ్గుతుంది. బంగారు తీగ త్వరగా పెరుగుతుంది గానీ గట్లను తవ్వుతుంది. కట్ట బలహీనంగా ఉన్నచోట వద్దు.

వదిలేముందు, వదిలేటప్పుడు

* నీరు తక్కువున్నప్పుడే వల పదేపదే లాగి పిల్లల్ని తినే చేపలను తీసేయాలి. పశువులు తాగే చెరువులో పురుగుమందులు కలపనే కూడదు.
* అలుగు పారుతుండగా పిల్లలు వదిలితే దిగువకు పోతాయి. పారుడు తగ్గాక వదలాలి. అలుగుకు, తూముకు తడికెలు లేదా జాలీ కట్టాలి. చెత్త అడ్డుపడితే నీరు ఎగదన్ని కట్టకే ముప్పు. రోజూ శుభ్రం చేయాలి.
* కొనేటప్పుడు తొట్టిలో నీటిని చేత్తో గిర్రున తిప్పండి. ఎదురీదే పిల్లలు ఆరోగ్యమైనవి. నాలుగైదు సంచుల్లోనైనా పిల్లల్ని ఎంచి చూడాలి.
* ఉదయం గానీ సాయంత్రం గానీ వదలాలి. సంచిని మూతి విప్పకుండా 15, 20 నిమిషాలు చెరువు నీటిలో తేలనివ్వాలి. తర్వాత కొద్దికొద్దిగా చెరువు నీరు కలిపి, పిల్లలు వాటంతటవే బయటికి వెళ్లేలా సంచిని వంచాలి.

పట్టుబడి

నెలకోసారి వల వేసి ఎదుగుదల చూడాలి. నీరు తగ్గుముఖం పట్టగానే పెద్దవాటిని విడతలుగా పట్టి అమ్మాలి. చెరువు అడుగంటేదాకా ఆగితే అన్నీ ఒకేరోజు పట్టాల్సి వస్తుంది, దళారి చెప్పిందే ధర అవుతుంది.

వదిలిన పిల్లలు, సైజు, తేదీ, పట్టిన చేపలు, బరువు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. వచ్చే ఏడు ఎన్ని వదలాలో ఆ పుస్తకమే చెబుతుంది.