ఇల్లంతా వైఫై అందాలంటే రూటర్ ఎక్కడ పెట్టాలి? ఏ సెట్టింగ్స్ మార్చాలి?

200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా వెనక బెడ్‌రూమ్‌లో వీడియో తిరుగుతూనే ఉంటుందా? చాలామంది వెంటనే ఇంకా పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. ట్యాంకు నిండా నీళ్లున్నా, పైపులో అడ్డం ఉంటే కొళాయిలో సన్నగానే వస్తాయి కదా. వైఫై కూడా అంతే. డబ్బులు పెట్టే ముందు ఏం చెక్ చేయాలో ఒక్కో స్టెప్‌లో చూద్దాం.

1. తప్పు ఎక్కడుందో తేల్చండి

ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కనెక్ట్ చేసి స్పీడ్ టెస్ట్ పెట్టండి. అక్కడ కూడా స్పీడ్ రాకపోతే కేబుల్, పోర్ట్ చూసుకుని ప్రొవైడర్‌కి ఫోన్ చేయండి. 200 ప్లాన్‌లో సరిగ్గా 95 దగ్గరే ఆగిపోతుంటే రూటర్ పోర్ట్ గానీ, ల్యాప్‌టాప్ పోర్ట్ గానీ 100 ఎంబీపీఎస్‌దే అయి ఉండొచ్చు. కేబుల్‌లో ఒక్క తీగ తెగినా ఇలాగే కావొచ్చు, ఎందుకంటే గిగాబిట్‌కి లోపలి 8 తీగలూ పనిచేయాలి. కేబుల్‌లో స్పీడ్ బాగుండి, గదిలో మాత్రం రావట్లేదంటే సమస్య వైఫైదే.

2. సిగ్నల్ కొలవండి

ఫోన్‌లో కనిపించే గీతలను నమ్మకండి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ వేసుకుంటే సిగ్నల్ డీబీఎంలో కనిపిస్తుంది. ఇది మైనస్ అంకె, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే సూపర్. మైనస్ 67 వరకు వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 80 అంటే కనెక్ట్ అయినట్టు కనిపిస్తుంది, పని మాత్రం జరగదు. 10 డీబీ తగ్గిందంటే సిగ్నల్ బలం పదో వంతుకి పడిపోయినట్టే.

గుంటూరులో మా అమ్మావాళ్ల ఇంట్లో ఫైబర్ బాక్స్, రూటర్ రెండూ ఒకే డబ్బా. వైరు లోపలికి వచ్చిన చోటే, హాల్లో టీవీ వెనక బిగించారు. చెల్లి చదువుకునే వెనక గదిలో 5 గిగాహెర్ట్జ్ కొలిస్తే మైనస్ 81 వచ్చింది. లైవ్ కోచింగ్ క్లాసులో సార్ మాట సగం సగం వినిపించేది. ఆదివారం టెస్ట్ ఉందంటే తను హాల్లో నేల మీద కూర్చుని రాసేది.

3. రూటర్ చోటు మార్చండి

రూటర్ ఇంటి మధ్యలో, 5 - 6 అడుగుల ఎత్తులో ఉండాలి. దీనికి మొదటి శత్రువు మన ఇనప బీరువా, రెండోది దాని మీదుండే అద్దం. ఫ్రిజ్, ఆర్‌సీసీ పిల్లర్, నీళ్ల డ్రమ్ములు, చేపల తొట్టె కూడా సిగ్నల్‌ని బాగా అడ్డుకుంటాయి. యాంటెన్నా నిలువుగా ఉంటే సిగ్నల్ చుట్టూ, అంటే అదే అంతస్తులో పరుచుకుంటుంది. పై అంతస్తుకి కూడా కావాలంటే ఒకదాన్ని పక్కకి వంచి చూడండి.

ఫైబర్ వైరుని మీరే లాగి జరపొద్దు. గట్టిగా వంచితే లోపలి గాజు పోగు విరుగుతుంది. డబ్బా జరపాలంటే టెక్నీషియన్‌ని పిలవండి.

4. బ్యాండ్, ఛానెల్ సరిచేయండి

బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే చాలా రూటర్లలో సెట్టింగ్స్ పేజీ వస్తుంది. రాకపోతే డబ్బా కింది స్టిక్కర్ చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ స్పీడ్ తక్కువ. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ల రూటర్లన్నీ అందులోనే ఉంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే గోల చేస్తుంది. అందుకే ఇందులో ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, విడ్త్ 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. 5 గిగాహెర్ట్జ్‌లో విడ్త్ 80 పెట్టొచ్చు. అక్కడా రద్దీ ఉంటే 40కి తగ్గించండి. పనిలో పనిగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేసి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3లో ఉందో లేదో చూసుకోండి.

5. ఇంకా అందకపోతే

రిపీటర్‌ని సిగ్నల్ లేని గదిలో పెడితే ఉపయోగం లేదు, దానికే సిగ్నల్ అందదు కాబట్టి. దారి మధ్యలో, మైనస్ 65 దగ్గర పెట్టాలి. అప్పుడు కూడా ఒకే బ్యాండ్ మీద తీసుకుని, అదే బ్యాండ్ మీద పంపే రిపీటర్ అయితే స్పీడ్ దాదాపు సగమవుతుంది.

వీలైతే కేబుల్ లాగి రెండో రూటర్ పెట్టడమే మేలు. మా ఇంట్లో అదే చేశాను. హాల్లో డబ్బాని కదపకుండా, దాని ల్యాన్ పోర్ట్ నుంచి నడవలో సజ్జ దాకా 15 మీటర్ల క్యాట్ 6 కేబుల్ లాగి, నా పాత డ్యూయల్ బ్యాండ్ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాను. ఈ మోడ్ ముఖ్యం. అప్పుడు ఐపీ అడ్రస్‌లు మెయిన్ రూటర్ ఒక్కటే ఇస్తుంది, రెండూ కొట్టుకోవు. రెండింటికీ పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ ఒకటే ఇచ్చి, ఛానెల్స్ మాత్రం వేరువేరుగా పెట్టాను. వెనక గదిలో ఇప్పుడు మైనస్ 58 వస్తోంది. కొన్నది కేబుల్ ఒక్కటే. చెల్లి తన టేబుల్ దగ్గరే, తలుపేసుకుని టెస్ట్ రాస్తోంది.

మార్పులన్నీ అయ్యాక ప్రతి గదిలో మళ్లీ కొలవండి. అందరూ ఇంట్లో ఉండే రాత్రి 9 గంటలప్పుడు కూడా ఒకసారి చూడండి. మీ పక్కింటి రూటర్లు ఏ ఛానెల్‌లో ఉన్నాయో అసలు లెక్క అప్పుడే తెలుస్తుంది.