ముద్రణ దోషం - పోస్టరు విలువ



హాస్టల్లో చదువు ముగించాక నేను ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనికి కుదిరాను. అక్కడ నేర్చుకున్న ఒక పాఠాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మీకు చెప్పాలనుకుంటున్నాను.

నా తరువాత మన హాస్టల్లోనే చదివిన ఒక తమ్ముడు తన మొదటి నెల జీతంలోంచి రెండు వేలు పెట్టి ఒక పాత సినిమా పోస్టరు కొన్నాడు. అందులో హీరో ముఖం పక్కన ఎర్రటి నీడలాగా మరో ముఖం కనిపిస్తుంది. "ప్రింటింగులో తప్పు పడింది కాబట్టి ఇది చాలా అరుదు, ముందు ముందు లక్షలు పలుకుతుంది" అని అమ్మినతను చెప్పాడట. పోస్టరు చూడగానే తమ్ముడు మోసపోయాడని నాకు తెలిసింది. ఎందుకో వివరిస్తాను.

తప్పు ఎలా పడుతుంది?

రంగుల పోస్టరును సాధారణంగా నాలుగు ఇంకులతో అచ్చు వేస్తారు. అవి నీలం, గులాబి, పసుపు, నలుపు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది. నాలుగు రంగులూ కాగితం మీద ఒకే చోట సరిగ్గా కూర్చోవాలి. దీన్నే రిజిస్ట్రేషన్ అంటారు. ఒక రంగు కాస్త పక్కకు జరిగినా బొమ్మకు నీడ వస్తుంది. ప్రతి పని మొదట్లో రంగులు కుదిరేదాకా కొన్ని షీట్లు ఇలాగే వస్తాయి. వాటిని వేస్టు కింద పడేస్తాం. తమ్ముడు కొన్నది అలాంటి షీటే. పాత కాగితాల వాడికి పోవలసినది రెండు వేలకు అమ్ముడుపోయింది.

స్టాంపుకు వేరు, పోస్టరుకు వేరు

అమెరికాలో 1918లో వచ్చిన 24 సెంట్ల స్టాంపు మీద విమానం బొమ్మ తలకిందులుగా పడింది. అలాంటి 100 స్టాంపులున్న షీటు ఒక్కటే పోస్టాఫీసు నుంచి బయటికి వచ్చింది. అందులో ఒక స్టాంపు 2023 వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికింది. స్టాంపులను గట్టిగా తనిఖీ చేసి వదులుతారు కాబట్టి అక్కడ తప్పు దొరకడమే అరుదు. పోస్టర్లకు అంత తనిఖీ ఉండదు, తప్పులు మామూలే. పైగా కొనేవాడు బొమ్మ చూసి గోడకు పెట్టుకుంటాడు. బొమ్మ చెడితే ధర తగ్గుతుంది.

దోషాలలో రకాలు

1. అన్ని కాపీల్లో ఉండేది: ప్లేటు మీద గీత, అక్షర దోషం వంటివి. వీటివల్ల ధర పెద్దగా తగ్గదు. అసలు ముద్రణను గుర్తుపట్టడానికి ఇవే ఒక్కోసారి ఆధారం.

2. ఒక్క షీటుకే వచ్చేది: రంగు జరగడం, దుమ్ము మచ్చ, ఇంకు అంటుకోవడం, వంకర కటింగు. ఇవి ధర తగ్గిస్తాయి. అంచున ఉంటే తక్కువ, ముఖం మీద ఉంటే ఎక్కువ.

3. అచ్చు వేశాక విషయమే మారిపోయినది: 1983లో విడుదలైన "రిటర్న్ ఆఫ్ ది జెడై" సినిమాకు ముందు "రివెంజ్ ఆఫ్ ది జెడై" అన్న పేరుతో పోస్టర్లు వేశారు. తరువాత పేరు మార్చారు. పాత పేరున్న పోస్టర్లకు నేటికీ గిరాకీ ఉంది. వాటికి నకళ్ళూ ఎక్కువే.

మడతలు, టేపు, చెమ్మ మచ్చలు ముద్రణ దోషాలు కావు. అవి తరువాత కలిగిన నష్టాలు. అయితే 1980ల వరకు అమెరికాలో పోస్టర్లను మడిచే థియేటర్లకు పంపేవారు. అందువల్ల ఆ కాలపు పోస్టరుకు మడత గుర్తులుంటే ఎవరూ పెద్ద లోపంగా చూడరు.

కొనే ముందు చేయవలసినవి

భూతద్దంతో చూడండి. ఆఫ్‌సెట్ ముద్రణలో చుక్కలు వరుసగా కనిపిస్తాయి. పాత రాతి అచ్చులో వరుస ఉండదు, గరుకు గింజల్లా ఉంటాయి. మడత గీత మీద వేలితో తడమండి. గీత కంటికి కనిపించి వేలికి తగలకపోతే, అది పాత పోస్టరును ఫోటో తీసి మళ్ళీ వేసిన నకలు.

తమ్ముడి డబ్బు తిరిగి రాలేదు. ఆ పోస్టరు ఇప్పుడు అతని గదిలో గోడకు ఉంది. కొత్తగా ఏది కొనాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తాడు. మీరూ గుర్తుంచుకోండి. తప్పు ఉన్నంత మాత్రాన ఏదీ అరుదైనది కాదు. ఉన్నవి కొన్నే కావాలి, కోరేవారు ఎక్కువ కావాలి. అప్పుడే ధర. స్కాలర్‌షిప్ డబ్బులైనా జీతం డబ్బులైనా, ఆ పని తెలిసినవారిని ఒక్క మాట అడిగాకే ఖర్చు పెట్టండి.

- ఒక పూర్వ విద్యార్థి