యార్డు క్యూలో క్లచ్ మాడుతోంది, ఆటోమేటిక్ వేయించనా?

ప్రశ్న: మా పాత ట్రాక్టరుతో పర్చూరు నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలుతాం. ఏటా క్లచ్ ప్లేటు పోతోంది. ఎటూ విప్పుతున్నాం కదా, పాత కారుది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేయిస్తే?
– ఒక రైతు, పర్చూరు

జవాబు: వద్దండీ. ట్రాక్టరుకు సాధారణంగా విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనక ఇరుసు బోల్టులతో బిగిస్తే అదే బండి. మధ్యలోది తీసి కారుది పెడితే నడుం విరిచినట్టే, పనిముట్లను తిప్పే పీటీవో కూడా పోతుంది. పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్న అసలు నిర్మాణాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

క్యూలో ఆటోమేటిక్ సుఖమే, కాదనను. బండి కదిలేటప్పుడు జారి మాడే పొడి క్లచ్ ప్లేటు అందులో ఉండదు, టార్క్ కన్వర్టర్‌లో ఆయిలే జారుతుంది. ఆ జారుడంతా వేడి. బరువు లాగితే పెద్ద ఆయిల్ కూలర్ లేనిదే ఆయిల్ నల్లబడుతుంది. మన ట్రాక్టరు ట్రక్కులకు (ట్రెయిలర్లకు) చాలావాటికి బ్రేకులే లేవు, పల్లంలో చిన్న గేరులో ఇంజినే బరువును ఆపాలి. ఆ పట్టు మాన్యువల్‌లోనే గట్టిది.

ఈసారి విప్పినప్పుడు ప్లేటు చేత్తో తడిమి చూడండి. జిడ్డుగా ఉంటే క్రాంక్ వెనక ఆయిల్ సీల్ గానీ గేర్‌బాక్స్ ముందు సీల్ గానీ కారుతున్నట్టు. సీల్ మార్చకుండా ఎంత మంచి ప్లేటు వేసినా దండగ. పొడిగా ఉండి ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే తప్పు చాలావరకు డ్రైవరు కాలిది: పెడల్ మీద పాదం ఆనించి, హాఫ్ క్లచ్‌లో జరుపుతున్నాడు. క్యూలో లో-రేంజ్ మొదటి గేరు వేసి క్లచ్ పూర్తిగా వదలమనండి, ఆగితే న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. కొత్తది కొనేటప్పుడు ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ మోడల్ అడగండి.